ఉప్పునీళ్ళ దారి

నమ్స్రాయ్ ట్యాంకరు వెనక గొంతుక్కూర్చుని చిల్లుల గొట్టంలో ఒక్కో చిల్లునూ ఇనుప తీగతో పొడుస్తున్నాడు. తెల్లారేసరికల్లా ఉప్పు పేరుకుపోతుంది. తీగ పెట్టి తిప్పితే తెల్లటి పొడి రాలుతుంది, దాని వెనకే తుప్పు రంగు నీళ్ళు చుక్కలుగా దిగుతాయి. చిల్లు మూసుకుపోతే రోడ్డు మీద ఆ మేరకు పొడి చార మిగిలిపోతుంది. ఆ చార మీద బొగ్గు లారీ చక్రం ఒక్కటి పడితే చాలు, మనిషికి తన చెయ్యి తనకు కనపడదు.

అరవై నిండని మనిషి. ముఖం మాత్రం ఎండలో మరిచిపోయిన తోలుసంచిలా ముడతలు పడి నల్లబడింది. కనురెప్పల అంచులు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. పవర్ లేని స్టీరింగును ఏళ్ళ తరబడి తిప్పి తిప్పి ఎడమ భుజం కిందికి జారింది. వేళ్ళ సందుల్లో ఉప్పు కోసిన పగుళ్ళు. పొద్దున్నే వాటికి గొర్రె కొవ్వు రాసుకుంటాడు, మధ్యాహ్నానికి ఆ కొవ్వుకు దుమ్ము పట్టి వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుంటాయి. వారానికోసారి తాలూకా కేంద్రానికి ఇంటికి పోతే, బడి వంటశాలలో పనిచేసే పెళ్ళాం హోర్లో అతన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. అంగీ విప్పించి, బయట తాడు మీద వేసి కర్రతో బాదుతుంది. రోడ్డును అక్కడే వదిలి రమ్మంటే సగం రోడ్డు ఇంటికి మోసుకొస్తావని తిడుతుంది. అతను పక్కన నిలబడి బాదించుకుంటాడు, ఆ దెబ్బలు తనకే పడుతున్నట్టు.

రోడ్డంటే తారు అనుకునేవాళ్ళు ఆ ఊహ మానుకోవాలి. గోబీ బయలు మీద గని నుంచి దక్షిణాన సరిహద్దు గేటు దాకా చక్రాలు గీసిన మట్టి అది. మందలు దాటేదీ, బడిపిల్లల బండి పోయేదీ, రోగిని వేసుకుని జీపు పరిగెత్తేదీ దాని మీదే. దాని మీదికే బొగ్గు లారీలు వచ్చిపడ్డాయి. రోడ్డు సర్కారుది, లారీలు కంపెనీవి, దుమ్ము మాత్రం దారి పక్కన కాపురమున్న వాళ్ళది. పంపకం అలా జరిగింది. మూడేళ్ళ కిందట దెజిద్ అనే ముసలావిడ ఒక మేకను కోసి, దాని ఊపిరితిత్తులు బొగ్గు మూటల్లా ఉంటే పళ్ళెంలో పెట్టుకుని తాలూకా ఆఫీసుకు పోయింది. ఆఫీసరు బల్ల మీద ఆ పళ్ళెం పెట్టి, మూత తీసి, తినండి అంది. ఆఫీసరు ముక్కు మూసుకున్నాడు. ఆ తర్వాత ఎవరెవరో ఎవరెవరికో రాసుకుని చివరికి ఒక పాత ట్యాంకరు పంపారు. ట్యాంకరుకు నమ్స్రాయ్‌ని ఇచ్చారు.

దెజిద్ అతనికి వదిన. అన్న పోయాక కూడా ఒంటెల మందను వదలకుండా రోడ్డుకు తూర్పున అదే ఉన్ని గుడారంలో ఉంటోంది. నమ్స్రాయ్‌కీ ఒకప్పుడు మంద ఉండేది. వెనక ఒక మంచు కరువులో గడ్డి మీద మంచు రాయిలా గడ్డకట్టి, పశువులు నిలబడ్డవి నిలబడ్డట్టే చచ్చాయి. ఆ వసంతంలో అతను కళేబరాలు ఈడ్చి ఈడ్చి, అదయ్యాక స్టీరింగు పట్టాడు. అంతే అతని కథ. అడిగితే అదే చెప్తాడు, ఇంకా అడిగితే లేచి పోతాడు.

తీగను అంగీ మెడపట్టీలో గుచ్చుకుని ట్యాంకరెక్కాడు.

దారి తడవాల్సింది ముఖ్యంగా ఒక్కచోట. దెజిద్ గుడారం తూర్పున, బావి పడమర, మధ్యలో రోడ్డు. మంద రోజూ దాటాలి. అక్కడ దుమ్ము లేచి ఉంటే లారీవాడికి ఒంటె కనపడదు, ఒంటె వెనక కర్ర పట్టుకుని నడిచే మనిషి అసలే కనపడదు. కిందటేడు ఆవిడ కుక్క అలాగే పోయింది. తర్వాతిది తనేనని దెజిద్ నవ్వుతూ అనేది. నమ్స్రాయ్ ఆ నవ్వులో కలిసేవాడు కాదు. ఆ దాటుడు చోటును తడిగా ఉంచడమే అతని బతుకైపోయింది. తక్కిన దారి కోసం జీతం తీసుకునేవాడు.

బావి నీళ్ళు చల్లితే టీ తాగి వచ్చేలోపు ఆరిపోయేవి. ఈ వేసవి చివర బావి కూడా దిగిపోయింది. రోజుకు ఒక్క ట్యాంకరే తోడాలని ఆఫీసు ఆజ్ఞ, దానికి తోడు పంపుకు తాళం, ఆ ఒక్క ట్యాంకరుకే తియ్యాలి. అప్పుడు నమ్స్రాయ్‌కి ఉప్పు పర్ర, ఉప్పు తేలిన ఆ చవిటి నేల, గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఏటా శరత్తులో ఒంటెలను అక్కడికే తోలుకెళ్ళేవాళ్ళు. పర్ర మధ్య గుంటలో చిక్కటి, చేదు ఉప్పునీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. వాటిని తెచ్చి చల్లితే రోడ్డు నల్లబడి, మెత్తబడి, పొద్దున చల్లింది సాయంత్రం దాకా ఆరలేదు. వాకిట్లో కల్లాపి చల్లినట్టు దారి శుభ్రంగా పరుచుకుంది. లారీవాళ్ళు హారన్లు కొట్టి మెచ్చుకున్నారు. దెజిద్ రోడ్డు మీద చెయ్యి పెట్టి, వేలు నాకి, పడిపడి నవ్వింది.

"మంచి పని చేశావు మరిదీ. చలికాలం ముందు వీటిని ఉప్పుకు తోలుకెళ్ళే చాకిరీ తప్పింది. నాకిక గుమ్మం ముందే పర్ర."

నమ్స్రాయ్ కూడా ఆ రోజు నవ్వాడు. శరత్తులో ఉప్పు తిన్న ఒంటె చలికి నిలబడుతుంది. ఇద్దరూ పశువుల మధ్య పుట్టి పెరిగినవాళ్ళు. ఉప్పంటే పశువుకు మేలు అని తప్ప ఇంకో ఆలోచన రాలేదు వాళ్ళకి. పట్నంవాడెవడైనా అయితే వెంటనే భయపడేవాడేమో.

ఇవాళ పొద్దున, పర్ర నీళ్ళు నింపుకుని దాటుడు చోటుకు వచ్చి, చల్లడం మొదలుపెట్టబోతూ ఆగాడు. బండి దిగాడు. రోడ్డు నడుమ గుంటలు పడి ఉన్నాయి. చక్రాల గుంటలు కావు. నున్నటి అంచులతో, అరచేయంత వెడల్పున, ఒకదాని పక్కన ఒకటి, ఎవరో గరిటెతో గీకినట్టు. మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పెట్టి చూశాడు. నాలుకలు. మంద అంతా నిలబడి నాకింది. చుట్టూ పాదాల ముద్రలు మెత్తటి మట్టిలో గుండ్రంగా, లోతుగా ఉన్నాయి. దాటి పోయిన అడుగులు కావు, గంటల తరబడి నిలబడ్డ అడుగులు.

ఉప్పు రుచి మరిగిన ఒంటెను పర్ర నుంచి ఇంటికి మళ్ళించడం ఎంత కష్టమో అతనికి తెలుసు. కొడితే మెడ వంచుకుంటుంది, కాలు కదపదు. చిన్నప్పుడు అన్నా తనూ ఏడ్చి ఏడ్చి, వాటి పక్కనే పడుకునేవాళ్ళు. ఆ పర్రను తీసుకొచ్చి లారీల కింద పరిచాడు ఇప్పుడు. దుమ్ము లేని రోడ్డు మీద లారీలు వేగం కూడా పెంచాయి.

గని దగ్గర ఇనుప డబ్బా గదిలో కూర్చుని లారీలను బారులుగా వదిలేది బార్స్‌బోల్ద్. నమ్స్రాయ్ వైర్‌లెస్ సెట్టు అందుకుని, దాటుడు చోట ఈ ఒక్కరోజు లారీలను నడక వేగంతో పంపమని అడిగాడు. రేపటికి ఉప్పు కడిగేస్తానన్నాడు. అవతల కాసేపు గరగరలు.

"అన్నా, సాయంత్రం గేటు మూసేలోపు బారు మొత్తం దాటాలి. మీరు నీళ్ళు చల్లండి, లారీల సంగతి నేను చూస్తా. ఒంటెకు మాత్రం కళ్ళు లేవా ఏంటి?"

"ఒంటెకు ఉన్నాయి. నీ డ్రైవర్లకే అనుమానం."

మధ్యలో ఓచిర్ గొంతు దూరింది. ఎప్పుడూ బారుకు ముందు నడిచే డ్రైవరతను, బొంగురు గొంతు, నమ్స్రాయ్ పక్కనుంచి పోతూ అతనికి పొగాకు పొట్లం విసిరిపోయే మనిషి. బాబాయ్, నీ రోడ్డు మీద నా పెళ్ళాం చీపురు పెట్టినా ఇంత బాగుండదు, భయపడకు, చూసి తోలతాలే అన్నాడు. సెట్టులో నవ్వులు వినపడ్డాయి. నమ్స్రాయ్ సెట్టును సీటు మీదికి విసిరేశాడు.

గుడారానికి పోయేసరికి దెజిద్ బయట నిలబడి, మొదట కాచిన టీని చెక్క గరిటెతో ఆకాశానికి నైవేద్యంగా చిలకరిస్తోంది. రోజూ చేసేదే. నువ్వు కిందికి చల్లు, నేను పైకి చల్లుతా, ఎవరిది ముందు ఫలిస్తుందో చూద్దాం అని అతన్ని ఏడిపిస్తుంటుంది. ఇవాళ ఆ మాట అననివ్వలేదు అతను. నాలుక గుంటల సంగతి చెప్పాడు. ఆవిడ గరిటె దించి, దూరానికి చూసింది. ఒక కంట్లో పొర కమ్మింది, ఇంకో కన్నుతోనే అంతా చూస్తుంది. మంద లేదు. కట్టుగుంజ దగ్గర పేడ తప్ప ఏమీ లేదు.

"చీకటుండగానే లేచి పోయాయి. బావికేమో అనుకున్నా."

"బావికి కాదు."

"కాదులే." అంగీ నడుం బిగించుకుంది. "అవి తినేది తినేదాకా కదలవు. మీ అన్న లాంటివే."

ఇప్పుడు చెయ్యాల్సిందేమిటంటే ఉప్పును కడిగెయ్యడం. దానికి మంచినీళ్ళు కావాలి. ఈ రోజు వాటా ఇంకా తోడలేదు, ఒక్క ట్యాంకరు వస్తుంది, అది చాలదు. చాలనంత మాత్రాన ఊరుకుంటాడా. వదినను మంద ఎటు పోయిందో చూడమని చెప్పి, తెచ్చిన ఉప్పునీళ్ళను బయలు మీదే పారబోసి, బావికి తోలాడు.

పంపు దగ్గర నిలబడ్డంతసేపూ అతని చూపు ఉత్తరానే. పంపు దగ్గి దగ్గి పోస్తోంది. నీళ్ళు సన్నగా, మధ్య మధ్య గాలితో కలిసి పడుతున్నాయి. పంపుకు నోరుంటే బతిమాలేవాడు. గాలి మొదలైంది. ముందు గడ్డి తలలు ఊగాయి, తర్వాత అంగీ అంచు కాలికి కొట్టుకుంది. ఉత్తరాన ఆకాశం అడుగున గోధుమరంగు గీత ఒకటి లేచింది. మబ్బు కాదు. బారు బయల్దేరింది. అతను చల్లని చోట్ల మీదుగా వస్తోంది కాబట్టి అంత దుమ్ము. ట్యాంకు సగం నిండిందో లేదో, మూత కూడా సరిగ్గా బిగించకుండా ఎక్కి కూర్చుని క్లచ్చి తొక్కాడు. మూతలోంచి ఎగిరిన నీళ్ళు వెనక అద్దం మీద పడుతున్నాయి.

పొద్దున నాకి ఎటో పోయిన మంద మొత్తం మళ్ళీ దాటుడు చోట రోడ్డు మీదే ఉంది. రెండేసి మూపురాలు, వంచిన మెడలు, వెడల్పాటి నాలుకలు. తల్లుల కాళ్ళ మధ్య పిల్లలు. దెజిద్ వాటి మధ్య తిరుగుతూ కర్రతో వీపుల మీద కొడుతోంది, తిడుతోంది, తోకలు పట్టి లాగుతోంది. దెబ్బ తిన్నది తిన్నచోటే ఒక్క అడుగు జరిగి మళ్ళీ తల వంచుతోంది. ఉత్తరాన మొదటి లారీ ముక్కు కనపడింది, దాని వెనక గోడలా దుమ్ము.

నమ్స్రాయ్ ఇంకేమీ ఆలోచించలేదు. మందను దాటి ముందుకు పోయి, స్టీరింగు మొత్తం తిప్పి, ట్యాంకరును రోడ్డుకు అడ్డంగా పెట్టాడు. బ్రేకు బిగించి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

మొదటి లారీ ఓచిర్‌ది. బ్రేకులు కీచుమంటూ ట్యాంకరుకు బారెడు దూరంలో ఆగింది. ఓచిర్ కిటికీలోంచి తల పెట్టి చూశాడు. మందను చూశాడు, ముసలావిడను చూశాడు. ఇంజను ఆపి సిగరెట్టు వెలిగించాడు. వెనక ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతున్నాయి. వెనకవాళ్ళకు ఒంటెలు కనపడవు, ముందు లారీ పిర్ర కనపడుతుంది. హారన్లు మొదలయ్యాయి. సెట్టులో బార్స్‌బోల్ద్ గొంతు మర్యాద వదిలేసింది.

"ఎవరి రోడ్డనుకున్నావు అది? తియ్యి బండి. ఇవాళ్టితో నీ పని అయిపోయింది, తెలుసుకో."

"నా రోడ్డే," అన్నాడు నమ్స్రాయ్. "మా వదిన రోడ్డు. ఒంటెల రోడ్డు. నువ్వు దిగి వచ్చి అడుగు."

సెట్టు కట్టేశాడు. బతుకు మొత్తంలో అంత పెద్ద మాట అతని నోట్లోంచి వచ్చింది లేదు. కిందికి దిగాడు.

గొట్టం తెరిచి రోడ్డు కడగడం మొదలుపెట్టాడు. అక్కడ ఇంకో తప్పు బయటపడింది. పొద్దుట్నుంచి ఉప్పు నాకిన ఒంటెలకు దాహం. నీళ్ళు పారిన చప్పుడు వినగానే తలలెత్తి అన్నీ ట్యాంకరు చుట్టూ మూగాయి. దెజిద్ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"పిలిచి విందు పెడుతున్నావు కదా మరిదీ. ఇవి ఇక ఇక్కడే పెళ్ళిళ్ళు చేసుకుంటాయి."

నమ్స్రాయ్‌కి నవ్వు రాలేదు. కానీ ఆ మాటతోనే ఉపాయం తట్టింది. గొట్టం మూసేశాడు. నీళ్ళకు వస్తున్నాయంటే నీళ్ళ వెంట పోతాయి కూడా. ట్యాంకరు కదిలిస్తే రోడ్డు తెరుచుకుంటుంది, కాబట్టి బకెట్లతో లాగాలి. తూర్పు పక్కకు, ఆవిడ గుడారం వైపుకు. బకెట్టు నింపి ఆవిడకు అందించాడు. ఆవిడ దాన్ని ముందు నడిచే ముసలి ఆడ ఒంటె ముక్కుకు ఆనించి, వెనక్కి వెనక్కి నడుస్తూ రోడ్డు దించింది. ఒంటె దిగింది. దాని పిల్ల దిగింది. దాని వెనక ఇంకో రెండు. బయలు లోపలికి కొంత దూరం పోయి బకెట్టు వంచి, మళ్ళీ వచ్చింది. రెండో విడత తోలుకుపోయే ముందు ట్యాంకరు దగ్గర నిలబడి ఆయాసం తీర్చుకుంది. నడుముకు కట్టుకున్న సంచిలోంచి ఫ్లాస్కు తీసి, గిన్నెలో ఉప్పు వేసిన పాల టీ పోసి అతని చేతికిచ్చింది.

"పని పోయిందటగా. సెట్టులో వాడి అరుపు ఒంటెలకు కూడా వినపడింది."

"పోయింది."

"మంచిదే. హోర్లో చేత ఇక తిట్లు తినక్కర్లేదు." కర్రతో అతని కాలి మీద మెల్లగా తట్టింది. "ఇన్నాళ్ళూ నా గుమ్మం ముందు దుమ్ము పట్టుకుని కూర్చున్నావు. నేనెప్పుడూ ఒక మాట అనలేదు."

"ఇప్పుడూ అనొద్దులే. బకెట్టు పట్టు."

ఆవిడ పోయింది. అతను టీ సగం తాగాడు.

అప్పుడే వెనక లారీల్లో ఒకడు ఓపిక పట్టలేక బారు వదిలి పక్కకు దిగాడు. ఈ బయలులో దారికి గోడలు లేవు, ఎక్కడ చక్రం పెడితే అక్కడ దారే. వాడిని చూసి వెనకవాడు, వాడిని చూసి ఇంకొకడు. గుడారం వైపున్న తూర్పు నేల గట్టిగా ఉంటుంది, అందుకే అందరూ తూర్పుకే దిగారు. ఇన్నేళ్ళుగా నమ్స్రాయ్ ఒక్క చుక్క కూడా చల్లని నేల అది. చక్రాలు పడగానే అది లేచి నిలబడింది. గాలి దాన్ని పట్టుకుని ముందుకు తోసింది. లారీలు ఆ గోడ లోపలికి పోయాయి, మోత మాత్రమే బయటికి వస్తోంది.

తడిపిన రోడ్డు మూసేసి, పొడి నేల మీదికి తనే లారీలను తోలాడు. ఆ నేల మీదికే వదినను తోలాడు. అది అతనికి తెలియడానికి గుటక వేసినంత సేపు కూడా పట్టలేదు. చేతిలోని గిన్నెను ట్యాంకరు ముందు బంపరు మీద పెట్టాడు, పడిపోకుండా ఒకసారి సరిచేసి మరీ పెట్టాడు. తలకు చుట్టుకున్న ఎర్రగుడ్డ విప్పి, దాన్ని ఊపుకుంటూ తూర్పుకు పరిగెత్తాడు. ఓచిర్ కేబిన్‌లోంచి చూస్తూనే ఉన్నాడు. బాబాయ్ భుజం ఒకటి కిందికి జారి ఉండడం వల్ల పరుగు వంకరగా ఉందని తర్వాత అందరికీ చెప్పాడు. వదినా అని పిలిచాడట, రెండుసార్లు. తర్వాత గుడ్డ ఎరుపు కూడా కనపడలేదు.

దెజిద్ అక్కడ లేదు. దుమ్ము లేవడం చూసి ముసలి ఒంటె బెదిరి వెనక్కి తిరిగితే, దాని తోక పట్టుకుని అది లాగిన వైపుకే వచ్చింది. అది రోడ్డుకే తెచ్చింది. ట్యాంకరు అవతలి పక్కన, చక్రానికి ఆనుకుని, అంగీ చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. అతని పిలుపు విన్నది. ఇక్కడున్నానని అరిచింది. లారీల మోతలో ఆ మాట ఆవిడ చెవికే చేరలేదు.

దుమ్ము దిగడానికి చాలాసేపు పట్టింది. ఓచిర్ ముందుగా నడిచి పోయాడు, ఆవిడ వెనకే పోయింది. నమ్స్రాయ్ వెల్లకిలా పడి ఉన్నాడు, ఊపిరి లేదు. చక్రం తగిలింది నడుముకు, ముఖానికి ఏమీ కాలేదు. కనురెప్పల మీద, పెదవుల మీద సమంగా మట్టి కప్పి, ఎవరో జాగ్రత్తగా పూసినట్టుంది. తగిలిన లారీ ఆగలేదు. దాని డ్రైవరుకు తెలియదు. సెట్టులో ఓచిర్ చెప్పేదాకా తెలియదు, చెప్పాక చాలా దూరాన, బయలు మధ్య, ఒక లారీ ఆగి అలాగే ఉండిపోయింది.

దెజిద్ పక్కన కూర్చుని అంగీ చేతితో అతని నోటి మీది మట్టి తుడిచింది. తుడిచిన చోట మళ్ళీ సన్నగా పడుతుంటే మళ్ళీ తుడిచింది. ఓచిర్ లారీ దాకా నడిచి వచ్చి, వెనకవాళ్ళకు చెయ్యి ఎత్తి చూపించాడు. ఒక్కొక్కటే ఇంజన్లు ఆగిపోయాయి. అంతా ఆగాక, నాలుకలు రోడ్డును గీకుతున్న చప్పుడు ఒక్కటే మిగిలింది.

ట్యాంకరు ముందు బంపరు మీద గిన్నె పెట్టిన చోటే ఉంది. సగం మిగిలిన టీ మీద దుమ్ము మెత్తగా, కదలకుండా, మీగడ కట్టినట్టు పరుచుకుంది.